ఐర్లండు వాగ్గేయకారుడు టర్లో ఓకారొలన్

ఐర్లండులో కాపురముంటున్న తెలుగువారెవరికీ హార్ప్ బొమ్మ కొత్త కాదు. జేబులోని యూరో నాణెం తిప్పి చూస్తే ఉంటుంది, పాస్‌పోర్టు అట్ట మీద ఉంటుంది, ప్రభుత్వం నుంచి వచ్చే ఉత్తరం తలమీద ఉంటుంది. సింహాన్నో గద్దనో కాదని ఒక సంగీత వాద్యాన్ని రాజచిహ్నంగా పెట్టుకున్న దేశాలు అరుదు. ఆ బొమ్మకు నమూనా డబ్లిన్ ట్రినిటీ కళాశాలవారి దగ్గరున్న పాత హార్ప్. ఈ వాద్యం వాయించి బతికినవాళ్లు ఈ దేశంలో వందల ఏళ్లపాటు వేలమంది ఉన్నారు. కాని సామాన్య జనం నేటికీ పేరు పెట్టి తలచుకునేది ముఖ్యంగా ఒక్కరినే. ఆయన టర్లో ఓకారొలన్. 1982లో ఐర్లండు కేంద్ర బ్యాంకు ఆయన బొమ్మతో యాభై పౌండ్ల నోటు ముద్రించింది. 1990ల నడుమ ఆ నోటు మారింది. ఆ తరువాత పౌండే పోయి యూరో వచ్చింది. నోటు పోయినా పాట పోలేదు. ఈ దేశంలో ఏ పెళ్లి విందుకు వెళ్లినా, ఏ ఊరి సంగీతపు సాయంత్రంలో కూర్చున్నా ఆయన కట్టిన వరుస ఒకటైనా చెవిన పడుతుంది. ఎవరిదో తెలియకుండానే మనం వింటూ ఉంటాం.

హార్ప్ అంటే మనకు పరాయి వాద్యం అనుకోనక్కర లేదు. అమరావతి స్తూప శిల్పాలలో స్త్రీలు ఒడిలో పెట్టుకుని వాయించే విల్లు వంటి వీణ ఇదే జాతిది. సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద చేతబట్టిన వీణ కూడా అదే. మనవైపు అది ఎప్పుడో మరుగునపడి మెట్ల వీణ నిలిచింది. ఇక్కడ మెట్లు లేని ఆ పాతదే నిలిచింది.

కారొలన్ 1670లో మీత్ కౌంటీలోని నాబర్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి జాన్ చేతిపని మీద, కొద్దిపాటి సేద్యం మీద బతికే మనిషి. పిల్లవాడికి పద్నాలుగేళ్లప్పుడు కుటుంబం పడమరగా తరలివెళ్లి రాస్కామన్ కౌంటీ బాలిఫార్నన్‌లో స్థిరపడింది. అక్కడ మక్‌డెర్మట్ రో అనే పాత గేలిక్ జమీందారీ కుటుంబం ఉండేది. వారి ఇల్లు ఆల్డర్‌ఫర్డ్. తండ్రికి అక్కడ పని దొరికింది. ఆ ఇంటి ఇల్లాలు మేరీ మక్‌డెర్మట్ రో ఈ కుర్రవాడి చురుకుదనం గమనించి తన పిల్లలతోపాటు చదువు చెప్పించింది.

పద్దెనిమిదో ఏట మశూచి సోకింది. మన పల్లెల్లో అమ్మవారు పోసింది అంటారే, అది. ప్రాణం దక్కింది, రెండు కళ్లూ పోయాయి. ఆ కాలంలో చూపులేని బీదవాడికి రెండే దారులు: బిచ్చం, లేకుంటే సంగీతం. ఆ తల్లి రెండో దారి చూపింది. హార్ప్ వాయించే గురువును కుదిర్చి మూడేళ్లు నేర్పించింది. శిక్షణ పూర్తి కాగానే ఒక గుర్రం, వెంట నడిచే ఒక మనిషి, కొంత డబ్బు ఇచ్చి పంపింది. అప్పటికాయన వయస్సు ఇరవై ఒకటి.

ఇక్కడ విజయనగరం గుర్తుకు రాకమానదు. 1919లో విజయరామ గజపతిరాజుగారు తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు కావడం చూసి, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలని తలచారు. ఆ ఒక్క పిల్లవాడి నిమిత్తం మొదలైన తలంపే సంగీత కళాశాల అయింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరబోయి ఆచార్యులయ్యారు. మేరీ మక్‌డెర్మట్ రో కళాశాల పెట్టలేదు గాని, ఆమె చేసినదీ ఆ కోవలోదే. ఒక పిల్లవాడిని చూసి వీడికేదో దారి చూపాలి అనుకోవడం.

ఆయన గుర్రమెక్కిన ఏడు 1691. ఐర్లండు చరిత్ర తెలిసినవారికి ఆ సంవత్సరం చెప్పనక్కర లేదు. అంతకు ముందు ఏడే బాయిన్ నది ఒడ్డున యుద్ధం జరిగింది. 1691 శరదృతువులో లిమరిక్ కోట లొంగిపోయింది. కవులనూ వాద్యకారులనూ పోషించిన పాత గేలిక్ ప్రభువులు చాలామంది దేశం వదిలి ఫ్రాన్సుకు పోయారు. వారి భూములు ఇంగ్లండు నుంచి వచ్చినవారి పరమయ్యాయి. కాథలిక్కుల మీద కఠిన శాసనాలు వచ్చాయి. 1695లో వచ్చిన ఒక చట్టం ప్రకారం కాథలిక్కు అయినవాడు ఐదు పౌండ్లకు మించిన విలువగల గుర్రాన్ని ఉంచుకోరాదు. అటువంటి రోజుల్లో చూపులేని ఒక కాథలిక్కు యువకుడు, చేతికి ఆలస్యంగా వచ్చిన విద్యతో, గుర్రం మీద ఇల్లిల్లూ తిరిగి బతకడానికి బయలుదేరాడు.

ఆలస్యంగా వచ్చిన విద్య అన్నమాట ఊరికే అనలేదు. ఐర్లండు హార్పుగాళ్లు సాధారణంగా పదో ఏటనే వాద్యం పట్టేవారు. పద్దెనిమిది దాటాక పట్టినవాడి వేళ్లు ఎంత సాధించినా కొంత బిగుసుగానే ఉంటాయి. లీట్రిమ్ కౌంటీలో లాక్ స్కర్ సరస్సు దగ్గర జార్జి రెనాల్డ్స్ అనే పెద్దమనిషి ఉండేవాడు. తానూ హార్ప్ వాయించేవాడు, కవిత్వం చెప్పేవాడు. కారొలన్ తొలినాళ్లలోనే ఆ ఇంటికి వెళ్లాడు. వాయించగా విన్నాడు. వేళ్లు అంతంత మాత్రమే అని ఆయనకు వెంటనే అర్థమైంది. అయితే ఆ మాట చెప్పి పంపివేయలేదు. వాయించడం సరే, నీ సొంతంగా ఏదైనా కట్టగలవా అని అడిగాడు. ఆ ఇంటి చుట్టుపక్కల రెండు గుట్టలున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఆ గుట్టల్లోని దేవతాగణాలు ఒకప్పుడు యుద్ధం చేసుకున్నాయని స్థలపురాణం. దాని మీద ఒక పాట కట్టి రమ్మన్నాడు. కట్టాడు. అదే షీ వేగ్ షీ వోర్. మూడువందల ఏళ్లు దాటినా నేటికీ ఐర్లండులో హార్ప్ గాని, వేణువు గాని, గిటారు గాని నేర్చుకునే పిల్లలు మొదట పట్టే వరుసలలో అదొకటి. పాతదైన మరొక పాట నడక దానిలో ఉందని పండితులు చెబుతారు. ఉంటే ఉండనీయండి. మొదటి పాట ఎవరిదైనా పాత పాట ఒడిలోనే పుడుతుంది.

మా తాతగారు, మా నాన్నగారు, నేను, మూడు తరాలుగా బడిపంతుళ్లం. రెనాల్డ్స్ చేసిన పని నాకు కారొలన్ చేసిన పనికంటె తక్కువగా కనిపించదు. పిల్లవాడికి రానిదేదో చెప్పేవారు ఊరినిండా ఉంటారు. వచ్చినదేదో పట్టుకునేవారు తక్కువ.

అక్కడి నుంచి దాదాపు నలభై ఏడేళ్లు ఆయన జీవితమంతా ప్రయాణమే. కానక్ట్, అల్‌స్టర్ ప్రాంతాలు, మీత్, డబ్లిన్ దాకా తిరిగాడు. ముందు గుర్రం మీద ఆయన, పక్కన హార్ప్ మోసే సేవకుడు. ఏ ఇంటికి వెళ్తున్నాడో ఆ ఇంటివారి మీద దారిలోనే వరుస కట్టేవాడు. చేరేసరికి వరుస సిద్ధమయ్యేది, ఆపైన మాటలు చేర్చేవాడు. ఇది గమనింపదగిన విషయం. అంతకుముందు ఐర్లండులో కవిది పద్యం, దానికి సంగీతం తోడు. కారొలన్ ఆ వరస తిరగవేశాడు. ముందు రాగం, తరువాతనే సాహిత్యం. మన వర్ణాలు, స్వరజతులు కట్టినవారి పద్ధతికి దగ్గర. ఆయన పాటల్లో చాలావాటికి ప్లాంక్స్టీ అని పేరు. ప్లాంక్స్టీ అర్విన్, ప్లాంక్స్టీ జార్జి బ్రబజన్, ఇలా ఒక్కొక్కటి ఒక్కొక్క గృహస్థు పేరు మీద. ఆ మాటకు అసలు అర్థమేమిటో పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. ఎవరినో మెచ్చుకుంటూ చెప్పిన పాట అని తీసుకుంటే చాలు.

ఈ మెచ్చుకోలు సంగతి దాచవలసింది కాదు. కారొలన్‌ది పోతనగారి దారి కాదు, శ్రీనాథుడి దారి. ఎవరింట భోజనం చేస్తే వారి మీద పాట. కాథలిక్కు ఇంట ఒక పాట, ఆ కాథలిక్కు భూమి పుచ్చుకున్న ప్రొటెస్టెంటు ఇంట మరొక పాట. రెండుచోట్లా అదే ఆప్యాయత. కొందరు అభిమానులు ఈ సంగతిని మెత్తగా దాటవేస్తారు. నాకు మాత్రం ఇందులో సిగ్గుపడవలసిందేదీ కనిపించదు. విడిపోయిన రెండు వర్గాలకూ ఆ కాలంలో ఉమ్మడిగా మిగిలినవి చాలా కొద్ది. ఆ కొద్దిలో ఈ మనిషి పాట ఒకటి. ఆయన వచ్చేదాకా పెళ్లిళ్లు ఆపుకునేవారని కూడా చెబుతారు.

ఆయన భాష ఐరిష్. ఇంగ్లీషు అంతగా పట్టుబడలేదు. జీవితం మొత్తంలో ఇంగ్లీషులో కట్టింది ఒకే ఒక్క పాట అంటారు. అదీ ఇంగ్లీషు మాట్లాడే ఒక కన్య మీద. ఇంగ్లీషువారి మేడలలో కూర్చుని ఐరిష్‌లో పాడి మెప్పించుకున్నాడంటే వారు మాటలు విన్నారా, రాగం విన్నారా అన్నది ఆలోచించవలసిందే.

ప్రేమ ముచ్చట ఒకటి చెప్పాలి. నాబర్ దగ్గరి క్రూజ్‌టౌన్‌లో బ్రిజెట్ క్రూజ్ అనే అమ్మాయి. కలవారి బిడ్డ. చూపు పోకముందు నుంచీ ఆమె మీద మనసు. పెళ్లి కుదిరే మాట కాదు, కుదరలేదు. ఆమె పేర ఆయన కట్టిన పాటలు ఒకటికి మించి ఉన్నాయి. చాలా ఏళ్ల తరువాత డొనెగల్ కౌంటీలో లాక్ డర్గ్ సరస్సులోని పుణ్యద్వీపానికి యాత్ర వెళ్లాడు. పడవ దగ్గర ఎవరికో చేయి అందించాడు. ఆ చేయి తాకగానే ఇది బ్రిజెట్ చేయి అని గుర్తుపట్టాడు. ఆమే. ఈ సంగతి ఆయన నోట విన్నానని తరువాత చెప్పినవాడు చార్లెస్ ఓకానర్. బాలనగేర్‌కు చెందిన చరిత్ర పండితుడు, కారొలన్‌కు ఆప్తుడు. గాలికబురు కాదు.

పెళ్లి చేసుకున్నది ఫర్మానా కౌంటీకి చెందిన మేరీ మగ్వాయర్‌ను. లీట్రిమ్ కౌంటీలో మోహిల్ దగ్గర కొంచెం భూమి తీసుకుని ఇల్లు కట్టాడు. ఆరుగురు కూతుళ్లు, ఒక కొడుకు. ఇంట ఉన్న రోజులకంటె దారి మీద ఉన్న రోజులే ఎక్కువ. ఆ సేద్యం ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మక్‌కేబ్ అనే కవి ఆయనకు జీవితాంతం స్నేహితుడు. ఇద్దరికీ పరాచకాలు ఎక్కువ. ఒకసారి మక్‌కేబ్ గొంతు మార్చి, తానెవరో పరాయి ఊరివాడినన్నట్టు కారొలన్‌ను కలిశాడు. మీ మక్‌కేబ్ చనిపోయాడండీ అని చెప్పాడు. కారొలన్ నిలువునా కూలబడి అక్కడికక్కడే మిత్రుడి మీద ఎలిజీ చెప్పాడట. చచ్చినవాడు ఎదురుగా కూర్చుని తన మీది శోకగీతం విన్నాడు. కొన్నేళ్లకు నిజంగానే కారొలన్ సమాధి దగ్గర ఎలిజీ చెప్పవలసి వచ్చింది మక్‌కేబే. అది నేటికీ ఉంది.

ఇక ఆయన సంగీతంలో విశేషం. అప్పటి డబ్లిన్ చిన్న ఊరేమీ కాదు. ఇటలీ సంగీతం అక్కడ కొత్త మోజు. కొరెల్లి, వివాల్డి రచనలు జమీందార్ల మేడలలో వినబడేవి. జెమినియాని అనే ఇటలీ వయొలిన్ విద్వాంసుడు 1733లో స్వయంగా డబ్లిన్ వచ్చాడు. సెయింట్ పాట్రిక్ కతీడ్రల్ డీన్, గలివర్ యాత్రలు రాసిన జొనాథన్ స్విఫ్ట్ వంటివారి పరిచయం కారొలన్‌కు ఉండేది. ఆయన వరుస కట్టిన ఓరూర్క్ విందు పాటను స్విఫ్ట్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఈ సావాసంలో కారొలన్ చెవికి ఇటలీ సంగీతం పట్టింది. జెమినియాని ఒక ఇటలీ రచనలో కావాలని అక్కడక్కడ తప్పులు పెట్టి పరీక్షకు పంపాడనీ, కారొలన్ ఒక్కసారి విని ఏయే చోట నడక చెడిందో చూపి సరిదిద్దాడనీ ఒక కథ. పందెంలో ఒక కన్చర్టో విని తానూ అప్పటికప్పుడు ఒకటి కట్టాడని మరొక కథ. ఈ కథలు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతారు. కొందరు జెమినియానికి బదులు వేరొక పేరు పెడతారు. కథ సంగతి ఎలా ఉన్నా పాట ముందే ఉంది. గాల్వే కౌంటీలోని పవర్ కుటుంబపు ఇల్లాలి మీద కట్టినదానికి కారొలన్ కన్చర్టో అనే పేరు స్థిరపడింది. దానిలో ఇటలీవాడి పరుగు, ఐర్లండు పల్లెటూరి మలుపు, రెండూ పక్కపక్కన వినిపిస్తాయి. ఆ ఇంటి అమ్మాయి ఫ్యానీ పవర్ మీద కట్టిన పాట తిశ్ర నడకలో ఎంతో నింపాదిగా సాగుతుంది. నన్నడిగితే కన్చర్టో కంటె ఈ చిన్న పాటకే నా ఓటు.

ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలు మనకూ ఉంది. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసులో కుంపిణీ బ్యాండువారి పాటలు విని నోట్టుస్వర సాహిత్యాలు కట్టారు గదా. అందులో వందే మీనాక్షి త్వాం అన్నది ది రేక్స్ ఆఫ్ మాలో అనే వరుస. మాలో అంటే ఇక్కడి కార్క్ కౌంటీలో ఊరు. మన పిల్లలు మధుర మీనాక్షి మీద పాడేది ఐర్లండు వరుస.

విస్కీ సంగతి చెప్పకపోతే ఐర్లండువారు ఒప్పుకోరు. మితం లేదు. వైద్యుడు మానివేయమన్నాడు. మానాడు. వారాలు గడిచేకొద్దీ దిగులు పట్టుకుంది, పాట రావడం ఆగిపోయింది. రాస్కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో ఒక అంగడి ముందునుంచి పోతూ, తాగను, వాసన మాత్రం చూస్తానని గ్లాసు పోయించుకున్నాడట. తరువాత ఏమి జరిగిందో వేరే చెప్పనక్కర లేదు. అప్పుడే స్టాఫర్డ్ అనే మరొక వైద్యుడి మీద కారొలన్ రిసీట్ అనే పాట కట్టాడని కథ. రిసీట్ అంటే ఇక్కడ మందు చీటీ.

బాయిల్ పేరు వచ్చింది గనుక ఒక్క మాట. ఈ ఊళ్లోనే 1878లో మార్గరెట్ కజిన్స్ పుట్టింది. డబ్లిన్‌లో సంగీత పట్టం పుచ్చుకుని, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి, 1915లో భర్తతో మన దేశం వచ్చింది. భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడకు వచ్చి జనగణమన పాడి వినిపించినప్పుడు, ఆ వరుసకు స్వరం రాసి పెట్టింది ఈమే. కారొలన్ తిరిగిన గడ్డ మీద పుట్టిన ఆడపడుచు మన రాయలసీమలో కూర్చుని ఆ పని చేసింది. బాయిల్ నుంచి కారొలన్ సమాధి కొద్ది మైళ్ల దూరం.

1733లో భార్య పోయింది. ఆ తరువాత ఆయన బాగా కుంగిపోయాడు. 1738 వసంతంలో ఒళ్లు బాగా లేదని తెలిసి, మోహిల్‌కు కాక, నేరుగా ఆల్డర్‌ఫర్డ్ దారి పట్టాడు. తనను చదివించి, గుర్రమిచ్చి పంపిన ఆ తల్లి ఇంటికి. ఆమె అప్పటికి పండు ముసలి. హార్ప్ తెప్పించుకుని సంగీతానికి వీడ్కోలు అనే చివరి పాట వాయించాడు. మంచం పట్టి మార్చి 25న కన్నుమూశాడు. నాలుగు రోజులు జాగరణ జరిగింది. దూరప్రాంతాల నుంచి హార్పుగాళ్లు వచ్చారు, అరవైమంది దాకా మతగురువులు వచ్చారంటారు. కిల్‌రోనన్‌లో మక్‌డెర్మట్ రో వారి సమాధుల పక్కనే ఆయననూ ఉంచారు.

ఆయన కట్టిన వరుసలు రెండువందలకు పైబడి మనకు దక్కాయి. ఇవి ఎలా దక్కాయన్నది మరొక కథ. కారొలన్ తానుగా ఒక్క స్వరమూ రాయించలేదు. 1724లో డబ్లిన్‌లో నీల్ అనే తండ్రీకొడుకులు ఐర్లండు పాటల సంపుటం మొదటిసారి అచ్చువేసినప్పుడు అందులో ఆయనవి కొన్ని చేరాయి. పోయిన పదేళ్లకు కొడుకు కొన్ని అచ్చువేయించాడు. 1760లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఒక వ్యాసం రాసి ఆయనను ఐర్లండు చివరి గాయకకవి అన్నాడు. ఆ చివరి అన్న మాట అతుక్కుపోయింది. అది నిజం కాదు. 1792 జూలైలో బెల్‌ఫాస్టులో హార్ప్ సభ జరిగితే ఐర్లండు హార్పుగాళ్లు పదిమంది వచ్చారు. చాలామంది ముసలివారు, అంధులు. వారు వాయించినది రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పందొమ్మిదేళ్ల ఆర్గన్ వాద్యకారుడిని కుదిర్చారు. ఆ పని అతనికి జన్మమంతా సరిపోయింది. 1796లో, 1809లో, 1840లో మూడు సంపుటాలు వేశాడు.

ఆ సభలో అందరికంటె పెద్ద డెనిస్ హెంప్సన్. తొంభై ఏళ్లు దాటిన మనిషి. పెంచిన గోళ్లతో ఇత్తడి తీగలు మీటే పాత పద్ధతి ఆ రోజున ఆయన ఒక్కడి దగ్గరే మిగిలి ఉంది. ఆయనకు కారొలన్ పాటలంటే గిట్టవు. అవి మరీ కొత్తవి, పాతవాటి ముందు నిలవవు అని ఆయన అభిప్రాయం. నేడు మనం పాత ఐర్లండుకు ప్రతినిధి అనుకునే మనిషి, ఆ పాతవారి చెవికి ప్రయోగాలు చేసే కొత్తవాడు!

ఇందులో నష్టం ఎక్కడ జరిగిందంటే, ఆ వాద్యం కట్టుబడి చూడాలి. ఐర్లండు పాత హార్ప్ శబ్దపేటిక విల్లో చెట్టు మొద్దు ఒక్కటే తొలిచి చేసేవారు. మన బొబ్బిలి వీణ పనసమొద్దు ఒక్కటే తొలిచి చేసినట్టు. తీగలు ముప్పైకి పైన, ఇత్తడివి. నడుమ రెండు తీగలు ఒకే స్వరానికి కలిపేవారు, వాటిని అక్కచెల్లెళ్లు అనేవారు. ఇత్తడి తీగ గోటితో మీటితే చాలాసేపు మోగుతూనే ఉంటుంది. ఒక స్వరం మీద మరొకటి పడి గజిబిజి కాకుండా ఎప్పుడు ఏ తీగ ఆపాలో తెలియడమే సగం విద్య. రెండో చేయి మంద్రంలో ఏమి పలికించేదో ఎవరూ సరిగా రాయలేదు. బంటింగ్ రాసుకున్నదాన్ని పియానోకు తగ్గట్టు మార్చి అచ్చువేశాడు. చివరకు దక్కింది పై వరుస ఒక్కటే. 1958లో డోనల్ ఓసలివన్ రెండు సంపుటాలుగా వెలువరించిన మహాగ్రంథంలో కారొలన్ పాటలన్నీ ఒకచోట చేరాయి. అక్కడా ఒంటి వరుసలే. పైగా ఆయన ఐరిష్ మాటలు ఎన్ని వరుసలకో దొరకనే లేదు. దొరికినవాటిని పాడేవారూ తక్కువే. మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు అన్నమయ్య పాట వరుస తప్పకుండా పాడతారు. చందమామ రావో అంటే రమ్మని పిలవడమని చెప్పేదాకా తెలియని పిల్లలున్నారు. వరుస ఉండి మాట పోవడం ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందో ఆ తరగతిలో కూర్చుంటే తెలుస్తుంది.

అలా మంద్రం పోయిన పాటలను తిరిగి నిలబెట్టడానికి ఈ కాలంలో పూనుకున్నవారు అనేకులు. 1960లలో షాన్ ఓరీడ పాత ఇత్తడి హార్ప్ ధ్వనికి హార్ప్సికార్డ్ దగ్గరగా ఉందని దాని మీద కారొలన్‌ను వాయించాడు. 1973లో నలుగురు యువకుల బృందం ప్లాంక్స్టీ అని కారొలన్ మాటనే పేరుగా పెట్టుకుని మొదటి రికార్డులో షీ వేగ్ షీ వోర్ చేర్చింది. 1975లో డెరెక్ బెల్ కారొలన్ రిసీట్ అన్న పేరుతో హార్ప్ మీద ఒక రికార్డు మొత్తం ఇచ్చాడు. అయితే విచిత్రంగా ఆయన పాటలకు అన్నిటికంటె బాగా ఒదిగింది గిటారు.

దానికి దారి అమెరికాలో పడింది. మేరీలాండు రాష్ట్రం టకోమా పార్కుకు చెందిన జాన్ ఫేహీ అనే యువకుడు, పెట్రోలు బంకులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 1959లో ఒక రికార్డు అచ్చువేయించుకున్నాడు. ప్రతులు వందకు మించవు. పాట లేదు, తోడు వాద్యం లేదు. ఉక్కు తీగల గిటారు ఒక్కటే. నీగ్రో బ్లూసు, చర్చి పాటలు, పల్లె నాట్యాల వరుసలు పునాదిగా తీసుకుని, వాటిని సాగదీసి, వంచి, అపస్వరాలకు కూడా చోటిచ్చి కొత్త తరహా ఏకవాద్య సంగీతం చేశాడు. రికార్డుకు పెట్టిన పేరు బ్లైండ్ జో డెత్. అటువంటి అంధ వాద్యకారుడెవడూ లేడు. దక్షిణాది అంధ బ్లూస్ గాయకుల పేర్ల వరసలో ఫేహీ కల్పించిన మనిషి. అక్కడ లేని అంధుడి పేరు చెప్పి మొదలైన దారి, తిరిగి తిరిగి ఇక్కడ ఉన్న అంధుడి దగ్గరకు చేరింది. అతని తోటివాడు రాబీ బాషో రవిశంకర్ సితారు విని గిటారు మీద రాగాలాపన వంటిది చేశాడు. ఇంగ్లండులో జాన్ రెన్‌బర్న్ 1976లో ది హెర్మిట్ అనే ఏకవాద్య రికార్డులో కారొలన్ కన్చర్టోను గిటారుకు ఎక్కించాడు. ఐర్లండు వరుసలకు గిటారువాళ్లు ఎక్కువగా వాడే శ్రుతి ఒకటుంది. డి, ఎ, డి, జి, ఎ, డి. డి స్వరాన్ని షడ్జమం అనుకుంటే అది స, ప, స, మ, ప, స. మన వీణ తీగల శ్రుతి తెలిసినవారికి వేరే వివరణ అక్కరలేదు. తీగలన్నీ విడిచి మీటినా శ్రుతిలోనే మోగుతూ ఉంటాయి. ఇత్తడి హార్ప్ మోగినట్టే. పోయిన మంద్రాన్ని ఎవరికి వారు తమ బొటనవేలితో కొత్తగా కట్టుకుంటున్నారు. కాబట్టి ఇద్దరు వాయించే ఫ్యానీ పవర్ ఒకలాగ ఉండదు. ఫేహీ 2001లో పోయాడు. అతని దారి డబ్లిన్‌కూ చేరింది. ఇక్కడి సియన్ న్యూజెంట్ 2011లో డబుల్స్ అనే రికార్డు ఇచ్చాడు. ఉన్నవి రెండే సుదీర్ఘ రచనలు. హెంప్సన్ వింటే ఏమనేవాడో!

కారొలన్ ఊళ్లు చూడదలచినవారికి దారి కష్టం కాదు. డబ్లిన్ కానలీ స్టేషనులో స్లైగో రైలెక్కితే బాయిల్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి కారులో కీడ్యూ, ఆ పక్కనే కిల్‌రోనన్. కీడ్యూలో ఏటా వేసవి చివర కారొలన్ పేర హార్ప్ ఉత్సవం జరుగుతుంది. మోహిల్‌లో ఆయన శిలావిగ్రహం వంటిది కంచులో ఉంది. డబ్లిన్ దాటి వెళ్లలేనివారు సెయింట్ పాట్రిక్ కతీడ్రల్‌లో జాన్ హోగన్ చెక్కిన ఆయన మూర్తిని చూడవచ్చు. కిల్‌రోనన్ సమాధుల చోట పాత చర్చి గోడలు సగం కూలి ఉన్నాయి. మక్‌డెర్మట్ రో వారి సమాధులున్న వైపు వెళ్లి అడిగితే ఆ ఊరివారు చూపిస్తారు. వర్షపు కోటు మరచిపోవద్దు.